నెలసరి సరిగ్గా రావట్లేదు, అశోకారిష్టం తాగొచ్చా?

మీరు రాసిందాంట్లో నాకర్థమైంది ఇదీ. మీకు 29 ఏళ్ళు, పెళ్ళై రెండేళ్ళయింది, పీరియడ్స్ రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకి కూడా వస్తున్నాయి, స్కానింగ్‌లో పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల్లా కనిపించే హార్మోన్ల సమస్య) అన్నారు, థైరాయిడ్‌కి 50 మాత్ర వేసుకుంటున్నారు, పిల్లల కోసం చూస్తున్నారు. మీ అత్తగారు "గర్భసంచికి దీన్ని మించిన మందు లేదు" అని అశోకారిష్టం (అశోక బెరడుతో చేసే ఆయుర్వేద మందు) సీసా తెచ్చిచ్చారు, పది రోజుల్నుంచీ తాగుతున్నారు. కంటిన్యూ చెయ్యాలా ఆపాలా అనేది మీ ప్రశ్న.

ఆపెయ్యండి. అది చెడ్డ మందని కాదు. నేను వరంగల్లో బీఏఎంఎస్ (ఆయుర్వేద డాక్టరు డిగ్రీ) చదివి 22 ఏళ్ళుగా ఖమ్మంలో ప్రాక్టీసు చేస్తున్నా, ఇప్పుడు నా వెనకున్న బీరువాలో కూడా ఆ సీసాలు ఉన్నాయి, ఇవ్వాల్సినవాళ్ళకి ఇస్తూనే ఉంటా. కానీ అది రక్తం ఎక్కువ పోయేవాళ్ళ మందమ్మా, రానివాళ్ళ మందు కాదు.

ఇంకోటి. మీ ప్రశ్న చివర్లో ఏదో మాటవరసకి ఒక లైను రాశారు, "అత్తయ్యకి కూడా ఈమధ్య కొంచెం కొంచెం కనిపిస్తోందట, ఆవిడా ఇదే తాగుతున్నారు, తగ్గిందంటున్నారు" అని. ఆవిడకి 57, ముట్లుడిగి ఆరేళ్ళు. నిజం చెప్పాలంటే మీ విషయం కంటే ఆ లైను చదివి నాకు గుండె ఝల్లుమంది. దాని గురించి చివర్లో రాశా, ఇదంతా చదివే ఓపిక లేకపోతే ముందు అక్కడికెళ్ళి అది చదవండి.

సరే, ఈ మందు సంగతి. మన పెద్దవాళ్ళు ఎర్రబట్ట అంటారు చూడండి, నెలసరి వచ్చిందంటే ఎనిమిది రోజులు పది రోజులు ఆగకుండా పోవడం, మధ్యలో మళ్ళీ కనిపించడం, దాన్నే శాస్త్రంలో రక్తప్రదరం, అసృగ్దరం అన్నారు. అశోక బెరడు పేరు పడింది దానికే. అరిష్టం రాకముందు కూడా బెరడుని పాలల్లో కాచి చల్లార్చి తాగించేవాళ్ళు. అరిష్టం తయారీ లెక్క భైషజ్య రత్నావళి అనే ఆయుర్వేద గ్రంథంలో ఉంది, ఇప్పుడు కంపెనీలు చేసేది దాన్ని బట్టే. 4.8 కిలోల అశోక బెరడుని 49 లీటర్ల చిల్లర నీళ్ళల్లో వేసి 12 లీటర్ల చిల్లరకి దించుతారు, అందులో 9.6 కిలోల బెల్లం, ధాతకీ పువ్వులు, తర్వాత శొంఠి, జీలకర్ర, తుంగముస్తలు, మానిపసుపు, కరక్కాయ, తానికాయ, ఉసిరి, మామిడి జీడి, అడ్డసరం, గంధం, కలువ వగైరా కొంచెం కొంచెం వేసి మూతపెట్టి పులియబెడతారు. ఆల్కహాల్ ఎవరూ బయట్నుంచి కలపరు, బెల్లం పులిసి దానంతటదే తయారవుతుంది. కానీ తయారవుతుంది, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూడండి. ముందు బెల్లం తీపి, వెనకే పులిసిన కల్లు లాంటి వాసన, ఆ తర్వాత పచ్చి వక్క నమిలినట్టు నాలిక మొద్దుబారి అంగిలి లాగేసినట్టవుతుంది. ఆ వగరే ఇందులో అసలు సంగతి. అశోక బెరడు నిండా టానిన్లు ఉంటాయి, వాటి వగరే ఇది. వగరు అనేది కట్టే గుణం, విరేచనాలకి దానిమ్మ తొక్క ఇచ్చేది కూడా అదే లెక్కన. పోతున్నదాన్ని ఆపడానికి పెట్టిన మందు. మరి మీకు అసలు రావడమే లేదు కదా, రానిదాన్ని ఇంకా కట్టేస్తే ఏం లాభం? నేను చదువుకునేటప్పుడు మా ప్రొఫెసర్ మేడం ఒకరు దీన్ని "నీళ్ళు రాని కుళాయికి వాషర్ వెయ్యడం" అనేవారు, ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు.

మరి అందరూ ఆడవాళ్ళ టానిక్ అని ఎందుకు తాగుతున్నారు అంటే, సీసా మీద, టీవీలో, అలా అమ్మేవాళ్ళ పుణ్యం. ఎక్కువైనా ఇదే, తక్కువైనా ఇదే, తెల్లబట్టకీ ఇదే, ముట్టునొప్పికీ ఇదే, పిల్లల కోసం కూడా ఇదే. చాలామందికి తెలీదు గానీ, నెలసరి లోపాలు సరిచేస్తాం అని మందులకి ప్రకటనలు వెయ్యకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలోనే ఉంది. అయినా వేస్తూనే ఉన్నారు, మనం చూస్తూనే ఉన్నాం.

మీకు ప్రత్యేకంగా వద్దనడానికి ఇంకో మూడు కారణాలు. మొదటిది బెల్లం. పైన లెక్క చూశారుగా, 12 లీటర్లకి 9.6 కిలోలు. పులిసేటప్పుడు కొంత ఖర్చైపోయినా మిగిలేది తక్కువేం కాదు. పీసీఓడీ ఉన్న చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, అలాంటప్పుడు పూటకి 15 మి.లీ. చొప్పున రోజూ రెండుసార్లు బెల్లం పాకం తాగడం దేనికి. రెండోది, పిల్లల కోసం చూస్తున్నారు, అంటే ఏ నెలలో నిలుస్తుందో తెలీదు. కొంచెమైనా ఆల్కహాల్ ఉన్న మందు, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చని గట్టి ఆధారం లేని మందు, ఆ టైములో నేనైతే ఇవ్వను. మూడోది, మీకు మూడు నెలలకి కూడా రాని నెలల్లో అది పీసీఓడీ వల్లే అని ఎవరు చెప్పారు? ఒకమ్మాయి, పెళ్ళై ఏడాది, మీలాగే పీసీఓడీ అని ముందే చెప్పారు కాబట్టి నెల తప్పితే "మామూలేలే" అనుకుని నెలన్నర పాటు ఈ అరిష్టం తాగి, రావట్లేదని డోసు పెంచుకుని మరీ తాగి నా దగ్గరికొచ్చింది. నాడి చూడమని చెయ్యి చాపింది. నేను మెడికల్ షాపుకి పంపి 60 రూపాయల కిట్ తెప్పించా. రెండు గీతలు. స్కాన్‌లో తొమ్మిది వారాలు. బిడ్డ బాగానే పుట్టాడు, ఇప్పుడు ఎల్‌కేజీ, కానీ ఆ ఏడు నెలలూ ఆ పిల్ల ఎంత భయపడిందో నాకు తెలుసు. నెల తప్పితే ముందు టెస్టు, తర్వాతే ఏ మందైనా, మాదైనా ఇంగ్లీషుదైనా.

మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు మీకు చెప్తారు కాబట్టి ఇది కూడా. వచ్చేలా చెయ్యడానికి మా శాస్త్రంలో మందులు లేవా అంటే ఉన్నాయి, రజఃప్రవర్తినీ వటి అని ఉంది, ముసాంబరం, ఇంగువ, వెలిగారం, అన్నభేది వేసి చేస్తారు. పేరు విని తెచ్చుకుని మింగొద్దు, ప్లీజ్. అది గర్భం లేదని తేల్చుకుని, ఎందుకు రావట్లేదో చూసి, కొద్దిరోజులకి మాత్రమే ఇచ్చేది. ఇక చిమ్మిలి, నువ్వులు బెల్లం దంచి సమర్తాడిన పిల్లలకి పెట్టేది, అది తిండి, ఇష్టమైతే ఒక ఉండ తినండి, పీసీఓడీ తగ్గిపోతుందని మాత్రం తినకండి.

మీకు ఇప్పుడు చెయ్యాల్సింది వేరే ఉంది. ఒక్క స్కానింగ్ చూసి పీసీఓడీ అనెయ్యకూడదు, నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువవడం (గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, రక్తపరీక్ష), స్కాన్‌లో అండాశయాలు అలా కనిపించడం, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. అది కూడా థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) లాంటివి కారణం కాదని తేల్చాక. మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చివరిసారి ఎప్పుడు చూపించారో రాయలేదు, థైరాయిడ్ కంట్రోల్లో లేకపోతే నెలసరి గాడి తప్పడానికి అదొక్కటి చాలు. మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టుకోకుండా ఉంటున్నారా? పది మందిని అడిగితే ఆరుగురు కాఫీతోనే వేసుకుంటున్నాం అంటారు నాకు.

బరువు ఎక్కువుంటే, ఉంటేనే, 5 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారికొస్తుంది, అంటే 70 కిలోలుంటే మూడున్నర కిలోలు. నేను మూలికలు ఇచ్చే పేషెంట్లకి కూడా ఇది చెప్పకుండా ఇవ్వను, ఎందుకంటే మూలిక ఇచ్చి మూడు నెలల తర్వాత నెలసరి వస్తే అది మూలిక గొప్పో, సాయంత్రం ఆవిడ నడిచిన నడక గొప్పో నాకే తెలీదు. పిల్లల విషయానికొస్తే, గైనకాలజిస్టు అండం విడుదలకి లెట్రోజోల్ రాస్తే భయపడకండి, పీసీఓడీలో ముందుగా ఇచ్చేది అదే. ఫోలిక్ యాసిడ్ ఇప్పట్నుంచే వేసుకోండి, రోజుకి 400 మైక్రోగ్రాములు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా, మూడు నెలలు దాటి రాకపోతే ఊరుకోవద్దు. రాకపోతే హాయే కదా అనుకుంటారు, కానీ గర్భసంచి లోపల పొర రాలకుండా మందంగా పేరుకుపోతుంటే ఏళ్ళ తరబడి అది మంచిది కాదు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం, అంటే ఎక్కువ బ్లీడింగ్ ఉండి ఈ మందు వాడదామనుకునేవాళ్ళ కోసం కూడా రాస్తా, ఎందుకంటే దానికి నేను ఇస్తాను కాబట్టి. పోయినేడు ఒక స్కూల్ టీచరు, 36 ఏళ్ళు, ఎనిమిది రోజులు పోయేది, స్కాన్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డ), గైనకాలజిస్టు చూసి ప్రస్తుతానికి కంగారేం లేదన్నారు, హిమోగ్లోబిన్ 9.2. ఆవిడకి 20 మి.లీ. అరిష్టం, అంతే నీళ్ళు కలిపి, భోజనం తర్వాత రెండుపూటలా ఇచ్చా. ఐరన్ మాత్ర విడిగా. రోజుకెన్ని ప్యాడ్లు అయ్యాయో నోట్‌బుక్కులో గీతలు పెట్టమన్నా, టీచరు కదా, ఎర్ర పెన్నుతో చక్కగా పెట్టుకొచ్చింది. మొదటి నెల 31 గీతలు, మూడో నెలకి 19. ఎనిమిది రోజులు ఐదయ్యాయి. అది నేను కళ్ళారా చూసింది. అయితే ఆ ఒక్కావిడకి తగ్గింది కాబట్టి అందరికీ తగ్గుతుందని నేను చెప్పను, ఈ మందు మీద పెద్దఎత్తున పకడ్బందీగా చేసిన ట్రయల్స్ తక్కువ. నాకు తెలిసిన కొంతమందికి అస్సలు తగ్గలేదు కూడా.

ఐరన్ దగ్గర ఒక చిన్న కిటుకు. వగరు, అంటే ఈ టానిన్లు, ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఒంటికి ఎక్కనివ్వవు. అరిష్టంతో పాటే ఐరన్ మాత్ర మింగితే రెండూ దండగే, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళల్లో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగం పైన. ఇంకా, మెట్రోనిడజోల్ (ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే యాంటీబయాటిక్) కోర్సు వాడుతున్నప్పుడు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు ఏ అరిష్టమైనా డాక్టరుని అడక్కుండా తాగొద్దు. గంటకో ప్యాడ్ తడిసిపోతూ, కళ్ళు తిరుగుతుంటే అరిష్టం కాదు, ఆటో ఎక్కి హాస్పిటల్‌కి పోవాలి.

చెట్టు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. చాలామంది "మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వరసగా అశోక చెట్లే, బెరడు తీసి కషాయం కాచుకోవచ్చా" అని అడుగుతారు. అవి అశోక చెట్లు కావు. స్కూళ్ళల్లో, ఆఫీసుల ముందు స్తంభాల్లా నిటారుగా, ఆకులు కిందకి వేలాడుతూ ఉండేది నరమామిడి. దాని ఆకు ఒంటాకు, అంచులు అలలు అలలుగా ఉంటుంది, పువ్వు ఆకుపచ్చగా ఉండి కనిపించనే కనిపించదు, పళ్ళు నల్లగా అయితే గబ్బిలాలు తింటాయి. సీతమ్మవారి అశోకం వేరు. దాని ఆకు ఒక ఈనెకి నాలుగు నుంచి ఆరు జతలు, లేత చిగుళ్ళు రాగి రంగులో గుడ్డపీలికల్లా వాలిపోయి ఉంటాయి, మాఘం ఫాల్గుణాల్లో కాండం మీదే గుత్తులు గుత్తులుగా నారింజ రంగు పూలు పూసి ఎరుపు తిరుగుతాయి. మన్మథుడి ఐదు బాణాల్లో ఒకటి ఇదే మరి, గేటు దగ్గర నరమామిడిని చూసి ఏ కవికైనా కవిత్వం వస్తుందా.

నవ్వుకోవడానికి బానే ఉంది గానీ ఈ పేరు గందరగోళం సరుకులో కూడా ఉంది. అసలు అశోకం అడవుల్లో తగ్గిపోయింది, ప్రమాదంలో ఉన్న చెట్ల జాబితాకి ఎక్కింది, బెరడుకేమో గిరాకీ తగ్గలేదు. మూలికల కొట్టులో అశోక బెరడు అని ఇచ్చేదాంట్లో నరమామిడీ ఇంకేవేవో కలుస్తున్నాయని డీఎన్‌ఏ పరీక్షలు చేసినవాళ్ళే తేల్చారు. నేను ఒకసారి కషాయానికని రెండు కిలోలు తెప్పించా, నానబెట్టి కాస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మరిగినా నీళ్ళు టీ నీళ్ళంత రంగు కూడా రాలేదు, నోట్లో వేసుకుంటే వగరే లేదు. అసలుదైతే కోసిన చోట గాలి తగిలి ఎర్రబారుతుంది, కషాయం ముదురు ఎరుపు దిగుతుంది. ఆ మూట పొయ్యిలోకే పనికొచ్చింది. అప్పట్నుంచి పొడులు, బెరళ్ళు విడిగా కొనమని ఎవరికీ చెప్పను. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న సీసా తీసుకోవడమే, ఎవరో ఊళ్ళో చేసి పాత వాటర్ బాటిల్లో పోసిచ్చేది ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి.

నా ప్రాక్టీసు మొదట్లో, అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు, మిర్చి యార్డులో పనిచేసే ఒకావిడ వచ్చింది, 46 ఏళ్ళు. ఎర్రబట్ట. పుస్తకంలో ఉన్నట్టే ఉంది, అశోకారిష్టం ఇచ్చా. తగ్గింది. రెండు నెలలు తగ్గింది, సంతోషంగా ఒక సంచి ఎండుమిరపకాయలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది, నేనూ పొంగిపోయా. నాలుగో నెలలో యార్డులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు పంపా స్కాన్‌కి. లోపలి పొర బాగా మందంగా ఉంది, ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్‌కి ముందు దశ అని వచ్చింది. గర్భసంచి తీసేశారు, బతికి బాగుంది, మొన్న మనవరాలి పెళ్ళికి పిలిచింది కూడా. కానీ ఆ రెండు నెలలు పోయింది నా వల్లే. 45 దాటినావిడ ఎక్కువ బ్లీడింగ్ అంటూ వస్తే స్కాన్ లేకుండా మందివ్వకూడదని ఆరోజు నాకు బుద్ధొచ్చింది. మందు పనిచెయ్యకపోయినా బాగుండేది, తొందరగా పంపేదాన్ని. పనిచేసి, రక్తం కనిపించకుండా చేసి, నన్ను మోసం చేసింది.

మీ అత్తగారికి అంతకంటే తేడా. ఆవిడకి ముట్లుడిగి ఆరేళ్ళు. ఏడాది పాటు పూర్తిగా ఆగాక మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా అది నెలసరి కాదు, చూపించుకోవాల్సిందే. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇలా కనిపించిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి అది పొర పల్చబడి ఎండిపోవడమో, చిన్న పాలిప్పో (పొర మీద పెరిగే చిన్న కండ), అలాంటిదే అవుతుంది. మిగిలిన ఆ ఒక్కరికే క్యాన్సర్ ఉంటుంది, వాళ్ళల్లో మీ అత్తగారు లేరని సీసా చూసి ఎవరూ చెప్పలేరు. "తాగితే తగ్గింది" అన్నారే, అదే నాకు భయం. మొదట్లోనే పట్టుకుంటే ఈ జబ్బు చాలావరకు ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. లోపలి నుంచి చేసే స్కాన్ (టీవీఎస్ అంటారు) చేసి పొర మందం చూస్తారు, 4 మి.మీ. లోపు ఉంటే చాలావరకు భయం లేదు, ఎక్కువుంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. 4 లోపే ఉన్నా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే ముక్క తియ్యమని మీరే అడగండి. షుగరు, బీపీ మాత్రలు, ఇంకేమైనా రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అవి కూడా పట్టుకెళ్ళండి.

ఆవిడ రానంటారని నాకు తెలుసు. ఈ వయసులో ఆ పరీక్షలేంటి సిగ్గుచేటు అంటారు. కోడలిగా మీరు "మీ మందు తప్పు" అని మొదలుపెడితే అసలుకే రారు. "నా కోసం డాక్టరు దగ్గరికి పోతున్నా అత్తయ్యా, తోడు రండి" అని తీసుకెళ్ళండి, అబద్ధం కూడా కాదు, మీ టీఎస్‌హెచ్ ఎలాగూ చూపించాలి కదా. లేడీ డాక్టరు ఉన్న రోజు చూసుకోండి. లోపలికెళ్ళాక ఆవిడ విషయం మీరే ఎత్తండి, ఆవిడ ఎత్తరు. సీసా కూడా బ్యాగులో పెట్టుకెళ్ళి ఎన్నాళ్ళుగా ఎంత తాగుతున్నారో డాక్టరుకి చెప్పండి, దాచొద్దు, కొందరు డాక్టర్లు కసురుకుంటారు, పర్లేదు, పడండి.

స్కాన్ రిపోర్టు వచ్చాక పొర మందం ఎన్ని మి.మీ. ఉందో, మీ టీఎస్‌హెచ్ ఎంతో ఇక్కడే కింద రాయండి. రాత్రి పది తర్వాత చూస్తుంటా.